కలంకారీ సాధన: నలుపు కుదిరింది, ఎరుపు నిలిచింది, ఇక పసుపు

ఈసారి ముందు కసిం సంగతి చెప్పాలి, అంటే కలంకారీలో నల్ల గీతకి వాడే ఇనుము, బెల్లం ఊట. శివరాత్రి అయ్యాక ఊరబెట్టిన కుండ మూడు వారాలు దాటాక తెరిచాను. పుల్లటి వాసన, పైన సన్నగా నురగ, వడకడితే పలచటి టీ డికాక్షన్ రంగులో నీళ్లు. చూస్తే ఇది నల్లరంగు ఎలా అవుతుందిరా అనిపిస్తుంది. కరక్కాయ పొడి కలిపిన పాలు పట్టించిన గుడ్డ మీద ఒక గీత గీశాను. ముందు తడి మరక, తర్వాత బూడిద రంగు, చూస్తూ ఉండగానే నలుపు. ఆ గీత నల్లబడేటప్పుడు చూడటం నాకు ఇప్పటికీ విసుగు రాలేదు, పని మానేసి అలా చూస్తూ కూర్చుంటాను.

నేను వేసుకున్న పాళ్లు ఇవి: కిలో తుప్పు ఇనుము (పాత మేకులు, బోల్టులు, నూనె జిడ్డు పోయేదాకా నిప్పుల్లో కాల్చి కడిగినవి), పావు కిలో నల్లబెల్లం, అంతే తాటిబెల్లం, నాలుగు లీటర్ల నీళ్లు, మట్టికుండ. మూతికి గుడ్డ కట్టాలి, బిగించి మూత పెట్టకూడదు, లోపల పులుస్తున్నప్పుడు గాలి పుడుతుంది. రెండు రోజులకోసారి కర్రతో కలపాలి. బెల్లం పులిసి పులుపెక్కి ఇనుమును కరిగిస్తుంది, ఆ కరిగిన ఇనుము బట్టలో ఉన్న కరక్కాయ వగరుతో కలిస్తే నలుపు. అంటే సగం రంగు కలంలో ఉంటే సగం బట్టలోనే ఉందన్నమాట. మరీ గాఢంగా ఉంటే మాత్రం నీళ్లు కలిపి పలచన చేసుకోండి, ఎందుకంటే ఇనుము ఎక్కువైతే కాలం గడిచేకొద్దీ బట్టనే తినేస్తుంది. కోరమాండల్ తీరం నుంచి ఒకప్పుడు ఓడల్లో వెళ్లిన అద్దకం బట్టలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చాలా ఉన్నాయి, ఆ కాలం నాటి బట్టల్లో నల్ల గీత ఉన్నచోటే నూలు చివికిపోవడం మామూలు.

బట్ట గురించి కొత్తవాళ్లు ఎక్కువ అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా. బ్లీచ్ చేయని ముతక నూలు బట్ట తీసుకోండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున బాగా ఉతికి గంజి మొత్తం వదిలించాలి, నీటిబొట్టు వేస్తే వెంటనే పీల్చుకోవాలి, అదే గుర్తు. మీటరు బట్టకి నేను గింజ తీసి దంచిన కరక్కాయ పొడి 30 గ్రాములు, కాచని గేదెపాలు అర లీటరు, అన్నే నీళ్లు వాడుతున్నాను. ప్యాకెట్ పాలు వద్దు, వెన్న ఉన్న చిక్కటి పాలే కావాలి, ఆ కొవ్వే గీత పక్కకి పాకకుండా పట్టి ఉంచేది. ముంచి, అంతటా సమంగా పట్టేలా పిసికి, గట్టిగా పిండి ఎండలో వేయాలి. పిండటం సమంగా లేకపోతే ఒకచోట గీత సన్నగా, ఇంకోచోట లావుగా వస్తుంది. వాసన ఉంటుంది. మేడ మీద ఆరేసినప్పుడు కింద వాటా వాళ్లకి ముందే చెప్పుకోవడం మంచిది.

కలం ఇంట్లోనే. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకి కాస్త పైన ఉన్ని గుడ్డ పీలిక చుట్టి దారంతో కట్టడమే. ముంచితే ఆ చుట్ట రంగు పీలుస్తుంది, వేళ్లతో నొక్కే కొద్దీ మొనకి దిగుతుంది. ముందు చింతబొగ్గుతో బొమ్మ వేసుకోవాలి, తర్వాత కలం. కనుబొమ్మలు, వేలిగోళ్లు, నగల ముత్యాలు వేయడానికి సన్న మొన వేరేగా పెట్టుకున్నాను.

నాకు ఇది నేర్పుతున్నది శ్రీకాళహస్తిలో ఒక అక్క. వాళ్లింట్లో మూడు తరాలుగా ఇదే పని. తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం, ఆదివారం పొద్దున్నే వెళ్తాను. "గీత వణికిందంటే చెయ్యి కాదు నాయనా, ఊపిరి చూసుకో" అంటుంది అక్క. పొడుగు గీత గీసేటప్పుడు ఊపిరి నెమ్మదిగా వదులుతూ గీయమని చెప్పింది, అలా చేస్తే నిజంగానే గీత నిలబడుతుంది. ఈ ఊళ్లో ఈ పని నిలిచిందంటే దానికి కారణం ఉంది, 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, దానివల్ల చాలామంది చేతికి కలం అందింది. ఇక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. మచిలీపట్నం, పెడనలవి చెక్క అచ్చులతో వేసే అద్దకాలు, కాళహస్తిది చేత్తో గీసేది. రెండూ నాకు ఇష్టమే గానీ నా మనసు గీత దగ్గరే.

ఎరుపు ఈ నెలలో నిలిచింది. ఎర్రగా రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు (లీటరుకి 100 గ్రాములు) కలంతో పూయాలి. పటిక నీళ్లకి రంగు ఉండదు, పూసిన చోటు కనపడదు, అందుకే నేను అందులో కొద్దిగా ఎర్రమట్టి కలుపుకుంటాను. రెండు రోజులు ఆరనిచ్చి పారే నీళ్లలో జాడించాలి, మిగిలిపోయిన పటిక పక్కకి పాకకుండా కొట్టుకుపోవాలి. అందుకే పాతకాలం వాళ్లు స్వర్ణముఖి ఒడ్డున పని పెట్టుకున్నారు. ఏట్లో నీళ్లు ఉండేది కొన్ని నెలలే, మా మేడ మీద ఏరు అసలే లేదు కాబట్టి పెద్ద టబ్బులో పైపు వదిలి, నీళ్లు పొర్లిపోతుండగా జాడిస్తున్నాను, బాగానే పనిచేస్తోంది. తర్వాత మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు) వేసిన నీళ్లలో బట్టని కర్రతో తిప్పుతూ కాచాలి. స్టీలు గిన్నె లేదా రాగి గిన్నె వాడండి, ఇనప గిన్నె అయితే రంగు చచ్చిపోతుంది. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా బట్టకి అంటిన కాస్త రంగు పేడనీళ్లలో నానబెట్టి ఎండలో తడుపుతూ ఉంటే పోతుంది.

ఇక మనిషి సంగతి. నేను పగలంతా లెక్కల ఆఫీసులో పని చేస్తాను. నెలాఖరుకి సంతకాల టెన్షన్, ఫైళ్లు వస్తాయి పోతాయి, ఫలానాది నేను చేశాను అని వేలు పెట్టి చూపించేది ఏమీ ఉండదు. కలం పట్టాక రాత్రి నిద్ర పడుతోంది, ఫోను గంటలకొద్దీ అటే పడి ఉంటోంది, ఆఫీసులో కూడా తొందరపడి ఎవరినీ కసురుకోవడం తగ్గింది. మా అమ్మ రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, ఈ అమ్మవారి ముక్కు ఇంకాస్త తీర్చు అని చెబుతుంది. మా ఇద్దరి మధ్య ఇన్ని మాటలు ఈ మధ్య కాలంలో లేవు.

అనుకోనిది ఇంకోటి జరిగింది. సంక్రాంతి తర్వాత అక్కకి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది, దుపట్టాల అంచులకి తీగలు, హంసలు. చేతులు చాలక, "నీ గీత ఇప్పుడు అమ్ముడుపోయే గీతే, కొన్ని తీసుకుపో" అని నా చేతికిచ్చింది. పూర్తిచేసి ఇస్తే కూలి లెక్కకట్టి, తమలపాకుల మీద పెట్టి ఇచ్చింది. జీతం కన్నా చాలా తక్కువ డబ్బు. ఆ నోట్లు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, మర్నాడు వాటితోనే బట్ట తాను తెచ్చుకున్నాను. అప్పటి నుంచి నెలనెలా ఏదో ఒక పని ఇస్తూనే ఉంది, పోయిన వారం మా ఆఫీసులో ఒక మేడమ్ గారు కొత్త ఇంటి గృహప్రవేశానికి గజలక్ష్మి బొమ్మ అడిగారు. ధర ఎంత చెప్పాలో అక్కనే అడిగాను. బట్ట, సరుకు ఖర్చు పక్కన పెట్టి, ఎన్ని పూటలు కూర్చున్నావో దానికి కూలి కట్టు, బేరానికి దిగొద్దు, తగ్గించావంటే ఊళ్లో ఇదే బతుకైన వాళ్ల కూలి కూడా తగ్గుతుంది అంది. అలాగే చెప్పాను, మేడమ్ గారు ఒప్పుకున్నారు.

గజలక్ష్మి ఇప్పుడు ఎరుపు దాటింది. ఈ ఆదివారం రెండోసారి పాలు పట్టించాలి, లేకపోతే పసుపు పాకుతుంది. పసుపు రంగునిచ్చే కరకపువ్వు తిరుపతిలో మూలికల కొట్లో దొరికింది, నీళ్లు సగానికి వచ్చేదాకా కాచి చిటికెడు పటిక వేయాలి. పసుపు మీద నీలి పడితే ఆకుపచ్చ కాబట్టి ఏనుగుల పక్కన ఆకులకి కూడా ముందు పసుపే పూస్తాను. నీలిమందు అక్క దగ్గర తీసుకుంటాను, దాని పాళ్లు నేను చేసి చూశాకే రాస్తాను.