అమరావతి రాళ్లు, ఖరహరప్రియ, ఒక పెన్సిల్

డిసెంబర్‌లో, సంగీత కచేరీల కాలంలో, చెన్నై వెళ్లాలని నేనూ మా వదినా ఐదారేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. ఈసారి అనుకోవడం ఆపేసి, విజయవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కేశాం. మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగి, గదిలో సంచులు పడేసి, ఆటోలో ఎగ్మూరు మ్యూజియంకి పరిగెత్తితే గేటు మూసి ఉంది. శుక్రవారం సెలవట. నెల ముందే రైలు టికెట్లు తీసినదాన్ని, సెలవు ఏ రోజో మాత్రం చూసుకోలేదు. వదిన ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

సరే, ఆ పూట చోళమండలం కళాకారుల ఊరికి వెళ్దామన్నాను. ఇంజంబాక్కంలో, మహాబలిపురం వెళ్లే దారిలో ఉంటుంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు, మరికొందరు కళాకారులు కలిసి సముద్రం దగ్గర స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరది. బొమ్మలు కొనేవాళ్లు లేని రోజుల్లో మైనంతో రంగులద్దే బాతిక్ బట్టలు వేసి అమ్ముకుని నిలదొక్కుకున్నారు. ఆ సంగతి తెలిశాక గోడల మీది బొమ్మల్ని చూసే తీరే మారింది నాకు. పణికర్ బొమ్మల్లో కాన్వాసు నిండా గళ్లు, గుర్తులు, మలయాళంలా కనిపించే అక్షరాలు. తీరా చదవబోతే మాట కుదరదు. వదిన ఒకదాని ముందు చాలాసేపు నిలబడి, "ఎవరి జాతకమో గానీ, గ్రహాలేం బాగాలేవు" అంది. పణికర్ గురించి నేను చదివిన వ్యాసాల కన్నా ఈ మాటే నాకు ఎక్కువ గుర్తుండిపోయేలా ఉంది. బయట తోటలో లోహపు శిల్పాలు ఎండకి కాలిపోతున్నాయి. అవి అంతగా పట్టలేదు, నిజం చెప్పాలంటే ఆకలేసింది.

శనివారం మ్యూజియం తలుపులు తీసేసరికి అక్కడున్నాం. నేను వచ్చిందే అమరావతి రాళ్ల కోసం. మాది గుంటూరు వైపు. చిన్నప్పుడు బడిలో అమరావతి తీసుకెళ్లి, "ఇక్కడ పెద్ద స్తూపం ఉండేది" అని మాస్టారు చూపిస్తే, మేం చూసింది గుండ్రంగా చదునైన దిబ్బ, కాస్త ఇటుక. చూసేసి జామకాయలు కొనుక్కున్నాం. ఆ "ఉండేది" అన్నదాంట్లో ఎంతో భాగం ఇక్కడుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాల సామాను కోసం దిబ్బ తవ్వుతుంటే శిల్పాలు బయటపడ్డాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చి చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ మళ్లీ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్పించాడు. వాటిలో వందకు పైగా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. మిగిలినవాటి ముందు, ఇన్నేళ్లకి, నేను.

బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాతి ఫలకం దగ్గర ఆగిపోయాను. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ. ఒకే గుండ్రంలో రెండు క్షణాలున్నాయి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కేస్తోంది. భయంతో వెనక్కి వాలిపోయిన ఒక ఆడమనిషి. పైన కిటికీల్లోంచి తొంగిచూసే తలలు, మన వీధిలో గొడవైతే మనం చూసినట్టే. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద కూలబడింది. రెండో శతాబ్దపు శిల్పి రెండు ఏనుగుల మధ్య గీత గీయలేదు. ఆ కోపం ఎక్కడ తగ్గిందో వెతుక్కోవాల్సింది మనమే. నేను వెతుకుతుంటే కాపలా ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

కంచు విగ్రహాల భవనంలో ఎక్కువసేపు ఉండలేకపోయాం, కచేరీ టైమవుతోంది. తిరువెణ్కాడులో దొరికిన అర్ధనారీశ్వరుడిని మాత్రం వదల్లేదు. మూడే చేతులు. అయ్యవారి వైపు రెండు, అమ్మవారి వైపు ఒకటి. నడుము ఎక్కడ ఆయనది కాకుండా పోతుందో కంటికి దొరకదు.

కచేరీ మైలాపూరులో ఒక చిన్న సభలో. మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు, పాడేది కుర్రవాళ్లు, వినేది పెద్దవాళ్లు. నా పక్కన డెబ్భై దాటిన మామి, పట్టుచీర, ఒళ్లో అట్ట ఊడిన పాటల పుస్తకం. తెలుగు కృతులు తమిళ లిపిలో ఉన్నాయి. తమిళంలో త, ద లకు ఒకటే అక్షరం కదా, తేడా తెలియడానికి అక్షరం పక్కన చిన్నగా 2, 3 అని అంకెలు వేశారు. మన మాటలు లెక్కల పుస్తకంలో దూరినట్టున్నాయి.

పాడే అమ్మాయి ఖరహరప్రియ రాగం ఎత్తుకుంది. ఆలాపన పావుగంట పైనే. మొదట కొంచెం టెన్షన్ పడింది, పై షడ్జం మీద గొంతు నిలబడ్డాక ఇక వెనక్కి చూడలేదు. తర్వాత త్యాగరాజ కృతి, "చక్కని రాజమార్గములుండగ సందుల దూరనేల". హాలంతా తొడల మీద తాళం. ఎలియట్ మా దిబ్బ తవ్విస్తున్న 1845లో త్యాగరాజు తిరువైయారులో బతికే ఉన్నారు, 1847లో పోయారు. మ్యూజియంలో రాళ్ల పక్కన మా ఊళ్ల పేర్లతో చీటీలున్నాయి. ఇక్కడ ఈ మాటలకు ఎవరూ చీటీ అంటించలేదు.

తని, అంటే మృదంగం ఒక్కటే మోగే భాగం, మొదలవగానే సగం మంది క్యాంటీన్‌కి లేచారు, వాళ్లతో పాటు వదినా. మృదంగం మోగుతుండగానే మామి నా వైపు వంగి అడిగింది.

"తెలుగా అమ్మా? 'సందుల దూరనేల'లో దూర అంటే దూరమే కదా? ఎందుకంత దూరం పోవడం అని?"

చిన్నప్పటి నుంచీ అలాగే అనుకుని పాడుకుంటోందట. కాదు మామీ, దూరడం అన్నాను. తమిళంలో ఏమంటారో నాకు రాదు. భుజాలు ముడుచుకుని, తల వంచి, ఇరుకు సందులోకి పోతున్నట్టు కుర్చీలోనే చేసి చూపించాను.

"నుళైయిరదా!" అంది మామి, చేత్తో నోరు మూసుకుని నవ్వుతూ.

సంచీలోంచి పెన్సిల్ తీసి, ఆ మాట కింద గీత గీసి, అంచున తమిళంలో రాసుకుంది. అప్పుడే వదిన వచ్చి, కీరై వడ, అదే ఆకుకూర వడ, అయిపోయిందట, కాఫీ మాత్రం తెచ్చానని ఒక లోటా నా చేతిలో పెట్టింది.