గడ్డి కోసేటాయన కొడుకు

మా బాపు లెక్కలో గోల్ఫ్ అంటే పెద్దోళ్లు ఆడే చిర్రగోనె. నాకూ ఆ ఆట మీద పెద్ద మోజేమీ లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో గోల్కొండ దగ్గరున్న గోల్ఫ్ కోర్సును గోడ బయటి నుంచి చూశానంతే. హన్మకొండలో కూర్చుని గోల్ఫ్ చూస్తున్నానంటే దోస్తులు నవ్వుతారు, నవ్వనీ. 2024 నుంచి ఒక్క ఆటగాడి స్కోరు మాత్రం వదలకుండా చూస్తున్నా. పేరు రాబర్ట్ మెకింటైర్, స్కాట్లాండ్ వాడు, ఎడమచేతి వాటం ఆట. నన్ను అతని దాకా తీసుకెళ్లింది అతని ఆట కాదు, వాళ్ల నాన్న చేసే పని.

మా బాపు ఒక కాలేజీలో గ్రౌండ్ పని చేసి రిటైరయ్యాడు. గడ్డి కోయడం, రోలర్ లాగడం, బోరు మోటార్ వేసి పైపులు తిప్పడం, ఆటల పోటీలుంటే తెల్లారకముందే లేచి సున్నంతో గీతలు గీయడం. నేను స్కూల్లో ఉన్నప్పుడు గడ్డి కోసేటాయన కొడుకు అంటే ఒళ్లు మండేది, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

మెకింటైర్ వాళ్ల నాన్న డగీది అదే పని. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఓబన్ అని ఒక చిన్న రేవు పట్నం ఉంది, జనం ఎనిమిది వేల చిల్లర, అంటే మన పరకాలలో మూలకు సరిపోతుంది. అక్కడి గ్లెన్‌క్రూటెన్ గోల్ఫ్ కోర్సులో గడ్డి, నేల చూసుకునే పెద్ద ఆయనే. ఇల్లు కోర్సు పక్కనే. కన్న పిల్లలు కాక, నీడ లేని పిల్లల్ని కూడా తెచ్చి సాకిన ఇల్లు అది. పిల్లాడు ఒక పక్క గోల్ఫ్, ఇంకో పక్క షింటీ ఆడుతూ పెరిగాడు. షింటీ అంటే వంకర కర్రలతో ఆడే హాకీ లాంటిది, కానీ మోకాళ్లు పగిలే రకం.

2017లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2019లో యూరోపియన్ టూర్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు, అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్‌లో ఆరో స్థానం. 2020లో సైప్రస్‌లో మొదటి గెలుపు, 2022లో ఇటాలియన్ ఓపెన్, 2023లో రోమ్‌లో యూరప్ జట్టు తరఫున, అమెరికా జట్టు మీద ఆడే రైడర్ కప్. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవే. 2024లో అమెరికా టూర్ ఆడటానికి ఫ్లోరిడాలో ఇల్లు తీసుకున్నాడు. అక్కడ ఒంటరిగా ఉందని, ఇంటి మీద బెంగగా ఉందని దాచకుండా చెప్పాడు. లక్షల డాలర్ల ఆట ఆడేవాడికి బెంగేంటి అనుకునేవాళ్లుంటారు. మాదాపూర్ హాస్టల్ గదిలో ఆదివారం సాయంత్రం ఒక్కడే కూర్చున్నవాడు మాత్రం అలా అనుకోడు.

జూన్ మొదట్లో కెనడియన్ ఓపెన్. బ్యాగు మోయడానికి క్యాడీ లేడు. ఇంటికి ఫోన్ చేసి నాన్నను రమ్మన్నాడు, ఆయన కోర్సు పని పక్కన పెట్టి విమానమెక్కాడు. చివరి రోజు జూన్ 2. మన దగ్గర తెలంగాణ వచ్చి పదేళ్లు నిండిన రోజు. పొద్దంతా జెండాలు, మైకులు, రాత్రి ఉక్కపోతకు నిద్ర రాక ఫోన్లో ఏదో తిప్పుతుంటే ఈ తండ్రీకొడుకులు కనబడ్డారు. అలా తెల్లవారుజాము దాకా కూర్చున్నా. నాలుగు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టాడు, అది కరిగి కరిగి ఒక్కటే మిగిలింది, నాకెందుకో టెన్షన్. బెన్ గ్రిఫిన్ మీద ఆ ఒక్క షాట్‌తోనే గెలిచాడు. బహుమతి 16 లక్షల 92 వేల డాలర్లు, మన లెక్కలో 14 కోట్లు. టీవీ వాళ్లు మైకు పెడితే డగీ ఏడ్చేశాడు. నేను గడ్డి కోసేవాణ్ని, క్యాడీని కాదు అన్నాడు.

పొద్దున ఆ వీడియో బాపుకు చూపించా. ఆయన చాయ్ తాగుతూ రెండుసార్లు చూశాడు. "ఏడ్వనీ, పాపం," అని మాత్రం అన్నాడు.

ఆ గెలుపు తర్వాత మెకింటైర్ చేసింది నాకు ఇంకా నచ్చింది. మరుసటి వారమే పెద్ద డబ్బున్న టోర్నీ ఉంటే అది వదిలేసి ఓబన్ వెళ్లిపోయాడు, తన వాళ్లతో గెలుపు పండగ చేసుకోవడానికి. నేను ఉద్యోగం మానేసి ఇంటికొచ్చినప్పుడు బంధువులు అడిగిన ప్రశ్నలు గుర్తొచ్చాయిలే, అదంతా ఇక్కడెందుకు. 2025లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చేతిదాకా వచ్చి పోయింది. ఆట ముగించి లోపల కూర్చున్నాడు, అవతల జె.జె. స్పాన్ చివరి హోల్‌లో 64 అడుగుల నుంచి బంతిని గుంటలో వేశాడు. టీవీలో అది చూసి ఇతను చప్పట్లు కొట్టాడు. నేనైతే రిమోట్ విసిరేసేవాణ్ని. అదే ఏడాది సెయింట్ ఆండ్రూస్‌లో డన్‌హిల్ టోర్నీ గెలిచాడు.

కానీ బాపు దగ్గర పనికొచ్చే కథ 2024 జూలైలో జరిగిన స్కాటిష్ ఓపెన్‌ది. అంతకుముందు ఏడాది అదే చోట రోరీ మెక్‌ఇల్‌రాయ్ చివరి రెండు హోల్స్‌లో బర్డీలు కొట్టి, అంటే పెట్టిన లెక్క కంటే ఒక్కో షాట్ తక్కువలో ముగించి, ఒక్క షాట్‌తో ఇతని చేతిలోంచి కప్పు పట్టుకుపోయాడు. ఈసారి పదహారో హోల్‌లో ఇతని బంతి దట్టమైన గడ్డిలో పడింది, అక్కడి నుంచి కొట్టడం కష్టం. నిలబడి చూసుకుంటుంటే బూటు కింద ఏదో గట్టిగా తగిలింది. చూస్తే గడ్డి కప్పేసిన స్ప్రింక్లర్. అలాంటిది కాలికి అడ్డొస్తే జరిమానా లేకుండా బంతిని పక్కకు వేసుకోవచ్చని రూలు. వేసుకున్నాడు, గుంట ఉండే నున్నటి గడ్డి, అదే గ్రీన్, నేరుగా దాని మీదికి కొట్టాడు, ఐదు షాట్ల హోల్‌ను మూడింట్లో ముగించాడు. చివరి హోల్‌లో 22 అడుగుల నుంచి బర్డీ, ఆడమ్ స్కాట్ మీద ఒక్క షాట్ తేడాతో కప్పు. 1999లో కాలిన్ మాంట్‌గమరీ తర్వాత సొంత ఓపెన్ గెలిచిన స్కాట్లాండ్ వాడు ఇతనే.

గడ్డి కోసేటాయన కొడుకుని నీళ్ల పైపు గెలిపించింది చూడు బాపూ అన్నా. ఆయన ఫోన్ దగ్గరికి తీసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, ఆ ముక్క మళ్లీ వేయమన్నాడు.

"గా స్ప్రింక్లర్ చుట్టూ గడ్డి గట్ల పెరిగిందాక ఏం జేసిండురా ఆడ పనిజేసేటోడు?"

అక్కడ గడ్డి కావాలనే పెంచుతారు బాపూ, అది ఆటలో భాగం అని చెప్పా. ఆయన ఒప్పుకోలేదు.

"ఎంత పెంచినా మూత మీది గడ్డి తియ్యాలె బిడ్డా. మోటారేస్తే నీళ్లెట్ల వస్తయి?"