భూదేవి చేతిలో పువ్వు

“ఏందమ్మా, భూదేవికి కూడా తామర పువ్వే ఇచ్చినావే?” అన్నారు మాస్టారు, నా వెనక నిలబడి.

అప్పటికి రెండు నెలలుగా ప్రతి ఆదివారం తిరుపతిలో బస్సెక్కి శ్రీకాళహస్తి వెళ్తున్నాను, కలంకారీ నేర్చుకోవడానికి. శ్రీదేవి భూదేవులతో స్వామివారి బొమ్మ ఒకటి నా చేత్తో వేసి అమ్మ పూజగదిలో పెట్టాలని ఆశ. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ అంతా గీసుకున్నాక వచ్చింది ఈ ప్రశ్న. శ్రీదేవి చేతిలో తామర, భూదేవి చేతిలో నీలి కలువ ఉండాలట. ఊరేగింపుల్లో ఉత్సవమూర్తులను చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే, చేతుల్లో ఏముందో ఏనాడూ పట్టి చూడలేదు.

“ఏదో ఒక పువ్వే కదా మాస్టారూ” అన్నాను.

“లడ్డూ, వడా ఒకటేనా మరి?” అన్నారాయన. నవ్వలేదు. “కలువ గీయి, చూస్తాను.”

గీశాను. “ఇది బక్కచిక్కిన తామర” అని బొగ్గు ముక్క నా చేతిలోనే పెట్టి వెళ్ళిపోయారు.

సిగ్గేసింది. కలువకన్నులు అని ఎన్నిసార్లు చదివి ఉంటాను! ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని బడిలో బట్టీ పట్టాను, ఉత్పలం అంటే కలువేనని మాత్రం బుర్రకెక్కలేదు. ఉమ్మడి రాష్ట్రానికి కలువే రాష్ట్ర పుష్పం. 2018లో మనకు మల్లెను చేశారు. మంచిదే, మల్లెను చూసి ఎవరూ పొరబడరు. నా తప్పులో ఊరికి కూడా వాటా ఉందనుకుంటాను. తిరుచానూరు పద్మసరోవరంలో బంగారు తామరలో అమ్మవారు వెలిశారని వింటూ పెరిగినవాళ్ళకు పువ్వు గీయమంటే చేతికి తామరే వస్తుంది.

ఫోన్లో ఫోటోలు చూసి గీద్దామని ఒక వారం తిప్పలు పడ్డాను. కుదరలేదు. చివరికి నర్సరీకి వెళ్ళి నీలి కలువ దుంప ఒకటి తెచ్చుకున్నాను. పాత ప్లాస్టిక్ టబ్బు, చెరువు మట్టి, పైన రెండు వేళ్ళ మందాన ఇసుక. ఇంతవరకు బాగానే ఉంది. బలం వస్తుందని పచ్చి పేడ కూడా కలిపాను, అదే కొంప ముంచింది. నాలుగు రోజుల్లో నీళ్ళు పచ్చబడి కంపు కొట్టాయి. ఆకులు కుళ్ళాయి. కింద పోర్షన్ ఆంటీ పైకొచ్చి, “దోమల ఫ్యాక్టరీ పెట్టినావా ఏంది?” అని అడిగింది. మొత్తం పారబోసి, ఉత్త బంకమట్టితో మళ్ళీ నాటి, ఆరు గప్పీ చేపలు వదిలాను. ఆ తర్వాత ఆంటీ మనవడికి ఆ టబ్బే ఆటస్థలం.

ఆ రోజుల్లోనే క్లోద్ మోనే అనే చిత్రకారుడి గురించి చదివాను. ఫ్రాన్సులో జివెర్నీ అనే పల్లెలో 1893లో స్థలం కొని, ఏటి పాయ నీళ్ళు మళ్ళించి కలువల కొలను చేయించుకుంటానంటే, ఈ విదేశీ మొక్కలతో నీళ్ళు పాడవుతాయని ఊళ్ళోవాళ్ళు అడ్డం తిరిగారట. ఆయనకూ ఆంటీలు తప్పలేదన్నమాట! ఆ కలువలనే చూస్తూ దాదాపు 250 బొమ్మలు వేశాడు, శుక్లాలతో చూపు మసకబారాక కూడా ఆపలేదు. నాకు కావలసింది ఒక్కటే, అది కూడా బొటనవేలంత.

నెలన్నరకు మొగ్గ వేసింది. చంద్రుణ్ణి కలువరేడు అంటారు కదా, వెన్నెల్లో విచ్చుకోవడం చూద్దామని చాప, ఫ్లాస్కు, దోమల బత్తి పట్టుకుని మేడెక్కాను. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. మొగ్గ కదల్లేదు. పొద్దున ఎనిమిదిన్నరకు బట్టలు ఆరేయడానికి వెళ్తే నిక్షేపంగా విచ్చుకుని ఉంది! రాత్రి పూసేవి తెల్ల కలువ, ఎర్ర కలువ లాంటి జాతులట. నీలి కలువ పగటి పువ్వు. పొద్దెక్కాక తెరుచుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. చంద్రుడితో దానికి పనే లేదు.

ఆ మూడు రోజులు ఆఫీసుకు లేటుగా వెళ్ళాను. స్టూలు వేసుకుని దగ్గరగా చూస్తే తెలిసింది నేనేం తప్పు గీశానో. తామర రేకు దోసిలిలా వెడల్పుగా, లోతుగా ఉంటుంది. దీని రేకు సన్నగా, కొసదేరి ఉంది. తామర నడుమ గింజలుండే దిమ్మె లేదు, పసుపుపచ్చటి కేసరాల గుత్తి మాత్రమే ఉంది. ఆకు గుండ్రంగానే ఉంది కానీ కాడ దగ్గరిదాకా కోసినట్టు చీలిక. తామరాకుకు ఆ చీలిక ఉండదు, అది నీళ్ళ మీదికి లేచి గొడుగులా నిలబడుతుంది కూడా. కలువాకు నీళ్ళ మీదే చాపలా పరుచుకుంటుంది. అసలు ఈ రెండూ చుట్టాలే కావట. డీఎన్ఏ లెక్క ప్రకారం తామరకు దగ్గరి బంధువు కాశ్మీరు చినార్ చెట్టు! మాస్టారికి ఈ సంగతి చెబితే, “చూడు మరి, నేను చెప్పలే?” అన్నారు, ఆయనే పరీక్ష చేయించినట్టు.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పాలలో కొవ్వు ఉండబట్టే గీత చెదరదు. కలం అంటే వెదురుపుల్ల, మొనకు కాస్త పైన చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది. వేళ్ళతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానేసి చేసిన కసిమి అనే నల్ల రంగు గుడ్డకు తగలగానే లేతగా కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయ వగరు కలిసి చేసే పని అది. లేతగా ఉందని మళ్ళీ దిద్దామో, గీత లావైపోతుంది. భూదేవి పువ్వుకు పదకొండు రేకులు గీయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఊపిరి బిగబట్టే గీశాను.

ఎరుపు కావలసిన చోట పటిక పూసి, పారే నీళ్ళలో జాడించి, ఉడకబెట్టాం. తర్వాత పసుపు రంగు. చివరికి నీలి. పసుపు మీద నీలి పడితే ఆకుపచ్చ, కాబట్టి ఆకులకు ముందు పసుపు వేసి తీరాలి, పువ్వుకు చుక్క కూడా తగలకూడదు. ఆకుకు పసుపు నింపుతుంటే కలాన్ని కొంచెం గట్టిగా నొక్కాను. పక్కనున్న బయటి రేకులోకి పాకింది. గబగబా అద్దాను, పోలేదు. దాని మీద నీలి వేశాక ఆ రేకు ఒక్కటీ ఆకుపచ్చగా తేలింది. రెండు నెలల పని. ఏడుపొచ్చింది.

మాస్టారు గుడ్డ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూశారు.

“నీ టబ్బులో పువ్వుకు బయటి రేకులు ఏ రంగమ్మా?”

గుర్తు చేసుకున్నాను. మొగ్గను మూసి ఉంచిన నాలుగు రేకులూ వెలుపల పచ్చగానే ఉండేవి, పువ్వు విచ్చుకున్నాక కూడా రాలలేదు.

“పచ్చ, మాస్టారూ.”

“ఒకటి వేసినావు. ఇంకా మూడు వేయాల” అని పసుపు గిన్నె నా ముందుకు జరిపారు.