మూలన ఉన్న చెయ్యి

ఇవాళంతా పెళ్ళి ఆల్బమ్ పనే. కరిజ్మా పేజీలు సర్దుతూ మధ్యాహ్నం దాకా సిస్టమ్ ముందు నుంచి లేవలేదు. తలంబ్రాల ఫొటోలో పంతులుగారి వెనక ఎవరో పెట్టిన వాటర్ బాటిళ్ళు తీసేశాను. పెళ్ళికూతురి మేనత్త కళ్ళు మూసుకుంటే పక్క ఫ్రేములోంచి తెరిచిన కళ్ళు తెచ్చి పెట్టాను. ఎక్కువసేపు పట్టింది మాత్రం వాళ్ళ తాతగారికే. ఆయన నిరుడు పోయారట, గ్రూపు ఫొటోలో ఆయన్ని కూడా నిలబెట్టమన్నారు. పాత ఫొటోలో ఆయన ముఖానికి వెలుగు ఎడమ పక్క నుంచి, ఫంక్షన్ హాల్లో మిగతా అందరికీ కుడి పక్క నుంచి. సరేనని ఫ్లిప్ చేస్తే బుగ్గ మీది పుట్టుమచ్చ అటు పోయింది. దాన్ని చెరిపి మళ్ళీ ఇటు పెట్టాను, లేకపోతే ఆయన భార్య ఒక్క చూపులో పట్టేస్తుంది. ఇది మోసమని నాకు ఎప్పుడూ అనిపించదు. ఆయన లేరని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, తెలిసే అడిగారు.

టీ పెట్టుకుంటుంటే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఈమధ్యే మదనపల్లెలో ఒక పేపర్‌కి ఫొటోలు పంపిస్తున్నాడు. రేటు పడిపోయిందని రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోస్తుంటే తీశాడట, వాట్సాప్‌లో పెట్టాడు. మంచి ఫొటో, నిజంగా. క్రేటు వంచి పట్టుకున్న పెద్దాయన, గాల్లోనే ఉన్న కాయలు, కింద చితికిన ఎరుపు. ఎడమ మూలన మాత్రం ఎవరిదో చెయ్యి, చేతిలో ఫోన్.

"అక్కా, ఆ చెయ్యి ఒక్కటి తీసేసి పంపవా, నీకు రెండు నిమిషాల పని" అన్నాడు.

రెండు నిమిషాలు కూడా పట్టదు. కానీ తీయనన్నాను. వాడికి కోపం వచ్చింది, పెళ్ళి ఫొటోల్లో మనుషుల్నే మాయం చేస్తావు కదా అన్నాడు. అప్పుడు వాడికి నార్సిసో కాంట్రెరాస్ సంగతి చెప్పాను. సిరియా యుద్ధంలో అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే అమెరికన్ వార్తా సంస్థకి ఫొటోలు తీసిన మనిషి, 2013లో పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం బహుమతి వచ్చిన బృందంలో ఒకడు. ఒక ఫొటోలో కింద మూలన తోటి జర్నలిస్టు వీడియో కెమెరా పడితే క్లోన్ చేసి, అంటే ఫొటోలోని వేరే భాగాన్ని కాపీ చేసి అతికించి, రాళ్ళూ మట్టీ కప్పేశాడు. 2014 జనవరిలో ఏపీ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయనవి దాదాపు 500 ఫొటోలు వెతికితే ఇంకే మార్పూ దొరకలేదు, అయినా ఆయన ఫొటోలన్నీ ఆర్కైవ్ నుంచి తీసేశారు. ఎంత చిన్న మూల కోసం! శిక్ష ఎక్కువని చాలామంది అన్నారు, నాకు మాత్రం న్యాయమే అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ మూలన ఉన్నది చెత్త కాదు. మావాడి ఫొటోలో ఆ ఫోన్ ఉంటే, రైతు పారబోస్తున్నప్పుడు చుట్టూ తీసేవాళ్ళు ఉన్నారని చూసేవాడికి తెలుస్తుంది. బహుశా పిలిస్తేనే వచ్చారేమో, పిలవడం తప్పేమీ కాదు, తన గోడు నలుగురికీ కనపడాలని ఎవరైనా పిలుస్తారు. కానీ ఆ చెయ్యి తీసేస్తే పెద్దాయన ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా కుమిలిపోతున్నట్టు అవుతుంది, అది ఇంకో కథ. దాన్ని రాసింది రైతు కాదు, నేను.

నేషనల్ జియోగ్రాఫిక్ 1985 కవర్ మీది ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ అమ్మాయి ఫొటో తీసిన స్టీవ్ మెక్‌కర్రీ విషయంలోనే నాకు ఎక్కువ బాధ. 2016లో ఇటలీలో ప్రదర్శించిన క్యూబా ఫొటోలో అతుకు బయటపడింది, ఆ తర్వాత మన దేశంలో తీసిన వాటిలోనూ మనుషులు మాయమైనట్టు తేలింది. తను ఇప్పుడు విజువల్ స్టోరీటెల్లర్‌నని ఆయన అన్నారు. అనొచ్చు, కళాకారుడికి ఆ హక్కు ఉంది. కాకపోతే ఆ మాట ఫొటో పక్కన ముందే ఉండాలి కదా, పట్టుబడ్డాక కాదు.

ఏమీ చెరపకుండా కూడా అబద్ధం ఆడొచ్చని వాడికి గట్టిగా చెప్పాను. 1994లో హత్య కేసులో అరెస్టయిన అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ ఓ.జె. సింప్సన్‌ని పోలీసులు తీసిన ఫొటోలో, టైమ్ పత్రిక ఆయన ముఖాన్ని కవర్ మీద నల్లబరిచింది, అదే వారం అదే ఫొటోని న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది, రెండూ పక్కపక్కన పెడితే ఒకడు నేరస్థుడిలా, ఒకడు అలసిన మనిషిలా కనిపిస్తాడు. ఇక మన ఎన్నికల సభల సంగతి చెప్పక్కర్లేదు, కింద కూర్చుని టెలీ లెన్స్ (దూరంవాటిని దగ్గరికి లాగి చూపేది) పెడితే సగం ఖాళీ కుర్చీలున్న మైదానం కూడా ఇసకేస్తే రాలనట్టు వస్తుంది, ఫొటోషాప్ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఫొటోలు రోజూ అచ్చవుతూనే ఉంటాయి, వాటికి ఎవరి ఉద్యోగమూ పోదు.

కాసేపు గొణిగి చివరికి ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి, చేతిని అలాగే ఉంచి పంపాడు. క్రాప్ చేయొచ్చా అని అడిగితే ముందు పేపర్ ఆఫీసులో ఫొటోలు చూసే డెస్క్‌ని అడగమన్నాను, క్రాప్‌ని చాలాచోట్ల ఒప్పుకుంటారు కానీ ఈ ఫొటోలో మాత్రం నాకు మనసొప్పలేదు. ఒరిజినల్ ఫైలు కార్డులోంచి చెరపొద్దని రెండుసార్లు చెప్పాను. "ఏ పేజీలో వేస్తారో చూడాలక్కా" అని పెట్టేశాడు.