నాలుగడుగుల ఎలక ఇల్లు

హామ్‌స్టర్‌ని, అంటే బొద్దుగా పొట్టి తోకతో ఉండే పెంపుడు ఎలకని, తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ముందు ఇంట్లో టేపు ఎక్కడుందో వెతకండి. పెట్ షాపుల్లో "హామ్‌స్టర్ సెట్" అని ఒకటి అమ్ముతారు చూడండి, గులాబీ రంగు ప్లాస్టిక్ అడుగు, తెల్ల ఊచలు, బుల్లి మెట్లు, పైన మేడ, పక్కన రంగు గొట్టం, అరచేతిలో పట్టే చక్రం. దాన్ని టేపు పెట్టి కొలిస్తే చాలావాటికి పొడవు అడుగున్నర కూడా ఉండదు. పిల్లలు చూడగానే కావాలంటారు, షాపువాళ్ళకి కావల్సిందీ అదే. నా ఉద్దేశంలో ఆ సెట్‌లో ఒక్క నీళ్ళ సీసా తప్ప పనికొచ్చే వస్తువు లేదు, అది కూడా కారకుండా ఉంటే.

మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ కుక్కల సామానూ చేపల సామానూ దొరుకుతాయి గానీ హామ్‌స్టర్ అంటే ఏంటో చెప్పడానికే సగం సాయంత్రం పడుతుంది. మాకు ఇది విశాఖ నుంచి వచ్చింది. మా తోటికోడలి పిల్లలు గొడవ పెడితే అక్కడ ఒక షాపులో రెండు కొన్నారు, రెండూ ఆడవే అని షాపతను ఢంకా బజాయించి చెప్పాడట, నెల తిరక్కుండా పంజరం నిండా పిల్లలు. అవి సిరియన్ రకం, హామ్‌స్టర్లలో పెద్దవి, కడుపుతో ఉండేది 16 రోజులే కాబట్టి ఎవరు ఎవర్ని మోసం చేశారో తేల్చుకునేలోపే అంతా అయిపోతుంది. వీడియో కాల్‌లో అవి చూసి మా అమ్మాయి "అమ్మా, ఒకటే ఒకటి" అని మొదలెట్టింది. పిల్లలు తల్లిని వదిలి ఉండగలిగేదాకా ఆగాలి కదా, ఆ ఆగిన రోజుల్లో నేను ఫోన్ పట్టుకుని కూర్చుని చదివిందీ, చేయించిందీ ఇక్కడ రాస్తున్నా.

ఆ "ఒకటే ఒకటి" అన్నది బతిమాలడానికే అన్నా, సిరియన్ రకానికి అదే రూలు కూడా. పెద్దయ్యాక రెండింటిని ఒకే చోట పెడితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి, ఒకటి చచ్చేదాకా కూడా పోతుంది. "పాపం ఒక్కర్తే ఉంటే దిగులెయ్యదా" అని మా అత్తయ్యగారు చాలాసార్లు అన్నారు. వెయ్యదండీ. దానికి తోడు కన్నా జాగా ముఖ్యం.

ఈ జాగా సంగతి అర్థం కావాలంటే ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలి. మనం పెంచే సిరియన్ హామ్‌స్టర్లలో ఎక్కువభాగం 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర దొరికిన ఒక్క కుటుంబం సంతానమే. ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త కూలీలని పెట్టి గోధుమ పొలం తవ్విస్తే ఒక తల్లీ దాని పిల్లలూ బయటపడ్డాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనం వెటకారంగా అంటాం, ఆయన నిజంగానే తవ్వాడు. తర్వాత అదే ప్రాంతంలో వీటి బొరియలు కొలిచినవాళ్ళకి సగటు లోతు 65 సెంటీమీటర్లు తేలింది. అంటే రెండడుగుల పైన. అలాంటి జంతువుని వేలెడు పొట్టు పరిచిన ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, రాత్రంతా ఊచలు కొరుకుతుంటే "అబ్బ, ఎంత అల్లరో" అని రీల్ తీసి పెడతారు. అది అల్లరి కాదు, టెన్షన్. స్విట్జర్లాండ్‌లో బెర్న్ యూనివర్సిటీవాళ్ళు దీనిమీదే పరీక్ష చేశారు, కొన్నిటికి 10, కొన్నిటికి 40, కొన్నిటికి 80 సెంటీమీటర్ల లోతు పరుపు వేసి చూస్తే 10 లోతులో ఉన్నవే ఎక్కువగా ఊచలు కొరికాయి, 80 లోతు ఉన్నవి అసలు కొరకలేదు.

కాబట్టి మేడలూ గొట్టాలూ కాదు, నేల కొనాలి. చదివినవాళ్ళు ఎక్కువమంది చెప్పేది కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు, అది కూడా ఒకే అంతస్తుగా. రెండంతస్తులు కలిపి లెక్కేస్తే కుదరదు, పైగా దీనికి చూపు అంతంతమాత్రం, ఎత్తు మీంచి పడితే కాలు విరుగుతుంది.

మేం మొదట అనుకున్నది పాత చేపల తొట్టె. నీళ్ళు కారే తొట్టె ఎవరికీ అక్కర్లేదు కాబట్టి చవగ్గా ఇచ్చేస్తారు, దీనికి నీళ్ళు నిలబడక్కర్లేదు కాబట్టి భేషుగ్గా సరిపోతుంది, పైన జాలీ మూత పెడితే చాలు. మీరు చల్లటి ఊళ్ళో ఉంటే అదే చెయ్యండి. మా ఎండలకి నాలుగువైపులా గాజంటే భయమేసింది. అందుకని వడ్రంగిని పిలిచి ప్లైవుడ్‌తో పెట్టె చేయించాం, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, ముందువైపు కింద అడుగు ఎత్తు గాజు, దానిపైన జాలీ, రెండు పక్కలా పై సగం జాలీ. ఆయన కొలతలన్నీ పెన్సిల్‌తో రాసుకుని, "కోళ్ళకామ్మా?" అన్నాడు. సంగతి చెబితే పెన్సిల్ చెవిలో పెట్టుకుని నాకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. "ఎలక్కి నాలుగడుగుల ఇల్లేటమ్మా, మా గుంటడు పడుకోడానికే అంత జాగా లేదు." ఏం చెప్పను, నవ్వేసి టీ ఇచ్చా.

పెట్టె చేయించేవాళ్ళు జాలీ దగ్గర జాగ్రత్త. దోమల జాలీ ప్లాస్టిక్‌ది ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. కోళ్ళకి వేసే జాలీ కన్నాలు పెద్దవి. పావు అంగుళం కన్నాలున్న ఇనుప వెల్డ్ మెష్ అడగండి, దాని తల దూరిందంటే మిగతా ఒళ్ళు దూరినట్టే. ప్లైవుడ్ లోపల అడుగుకి సన్‌మైకా అంటించి, మూలలకి చేపల తొట్టెకి వాడే సిలికాన్ పట్టించి, వాసన పూర్తిగా పోయేదాకా వరండాలో ఆరబెట్టాం. తలుపు ముందువైపే ఉండాలని నేను పట్టుబట్టా. పైనుంచి చెయ్యి దిగితే దానికి గద్ద వచ్చినట్టే, ఎదురుగా వచ్చే చేతికి త్వరగా అలవాటుపడుతుంది.

పరుపు దగ్గరే అందరూ పొరబడతారు, ఎందుకంటే పొట్టు ఎక్కడైనా ఫ్రీగా దొరుకుతుంది. సామిల్లులో రంపపు పొట్టు బస్తాలకొద్దీ ఇస్తామన్నారు. వద్దండీ. ఏ చెట్టుదో తెలీదు, దాంట్లో ప్లైవుడ్ జిగురు ఎంతో, చెదల మందు ఎంతో తెలీదు, సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దేవదారు, పైన్ లాంటి ఘాటు వాసన చెక్కలు కూడా ఊపిరికి మంచివి కావు. ఊక గరుకు, జారిపోతుంది, దాంట్లో బొరియ నిలబడదు. పత్తి మా జిల్లాలో బాగా పండుతుంది కాబట్టి "మెత్తగా ఉంటుంది, కాస్త దూది వెయ్యండి" అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, అది అన్నిటికన్నా ప్రమాదం. పోగులు కాళ్ళకి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుకి అడ్డుపడుతుంది. షాపుల్లో రంగురంగుల దూది ప్యాకెట్లు హామ్‌స్టర్ బొమ్మ వేసి మరీ అమ్ముతారు, బొమ్మ చూసి కొనకండి.

మిగిలింది కాగితం పరుపు, లేదా దుమ్ము తీసిన ఆస్పెన్ అనే ఘాటు వాసన లేని చెక్క పొట్టు. మేం కాగితానిదే తీసుకున్నాం. పేపర్ మిల్లు ఉన్న ఊళ్ళో ఉంటూ కాగితం ముక్కలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడమేంటని మావారు ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు. ఆఫీసు కాగితాలు చింపి వేసి చూద్దామన్నారు కూడా, కానీ ఆ ముక్కలు ఒకదానికొకటి పట్టుకోవు, సొరంగం తవ్వగానే కూలిపోతుంది, న్యూస్‌పేపరైతే ఇంకు. కొనేటప్పుడు కిలోలు చూడకండి, విప్పాక ఎన్ని లీటర్లవుతుందో చూడండి. లెక్క ఇంతే: 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు పెట్టెలో 25 లోతు నింపాలంటే 180 లీటర్లు కావాలి. ఆ అంకె చూసి నాకూ గుండె ఝల్లుమంది. అందుకే పెట్టె మొత్తం సమానంగా నింపలేదు, ఎడంవైపు సగం 25 దాకా, కుడివైపు సగం 10, మధ్యలో అడ్డంగా ఒక చెక్క. లోతువైపు పొరల మధ్య తిమోతి గడ్డి (కుందేళ్ళకి వేసే ఎండుగడ్డి) వేస్తూ అరచేత్తో గట్టిగా నొక్కాలి, అప్పుడే సొరంగం నిలుస్తుంది. ఇదంతా వారం వారం పారెయ్యాలేమో అనుకునేరు, అక్కర్లేదు. అది ఒంటేలు పోసేది దాదాపు ఒకే మూల, ఆ తడి గుప్పెడు తీసి కొత్తది వేస్తే సరి. మొత్తం మార్చేస్తే దాని వాసన పోయి కంగారుపడుతుంది.

మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చినప్పుడు మా తోటికోడలు దాన్ని బుట్టలో తెచ్చింది. రంగుని బట్టి మా అమ్మాయి బెల్లం అని పేరు పెట్టింది. వదలగానే చక్రం వైపు చూస్తుందేమో అనుకున్నాం, చూడలేదు, గోడ వెంటే ఒక చుట్టు తిరిగి, మేం చింపి వేసిన వాసన లేని టిష్యూ ముక్క దగ్గర ఆగింది. రెండు చేతులతో పట్టుకుని నోట్లోకి తోసుకుంటోంది, తోసుకుంటోంది, బుగ్గ సంచులు భుజాల దాకా ఉబ్బి తల ఒంటికన్నా వెడల్పయింది, ఒక చివర బయటికి వేలాడుతుంటే దాన్ని కూడా గోటితో లోపలికి కుక్కుకుంది. ఆ తలతోనే లోతువైపు దూరి, ముందుకాళ్ళతో తవ్వి, వెనక్కాళ్ళతో ఎగజిమ్మి, కాసేపటికి కనపడకుండా పోయింది. గాజు పక్కనే సొరంగం రావడం మా అదృష్టం, టిష్యూ కక్కి గూడు పేర్చుకోవడం కూడా కనిపించింది.

చక్రం విషయంలో మాత్రం పొదుపు చెయ్యకండి. సెట్‌లో వచ్చే చక్రం సిరియన్ రకానికి సగం సైజు కూడా ఉండదు, దాంట్లో పరిగెత్తితే వెన్ను వెనక్కి విల్లులా వంగుతుంది. ఇవి రాత్రికి కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తుతాయి, రోజూ అలా వంగి పరిగెత్తితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. సిరియన్‌కి 28 సెంటీమీటర్లు, మరుగుజ్జు రకాలకి 20, అంతకి తగ్గకూడదు. పరిగెత్తేటప్పుడు పక్కనుంచి చూడండి, వీపు తిన్నగా ఉంటే సరైన సైజు. పరిగెత్తే చోటు నిండుగా ఉండాలి, కమ్మీలున్నవాటిలో కాలు ఇరుక్కుని విరుగుతుంది. మా చక్రం ఖరీదు హామ్‌స్టర్ ఖరీదుకన్నా ఎక్కువ, ఈ మాట మా అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు. దాన్ని తక్కువ లోతున్న వైపు ఒక టైలు ముక్క మీద నిలబెట్టాం, లేకపోతే పరుపు ఎగిరొచ్చి చక్రం తిరగదు. బేరింగ్ ఉన్నదైతే రాత్రి చప్పుడు తక్కువ, అయినా పిల్లలు పడుకునే గదిలో పెట్టకండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బంతిలో పెట్టి ఇల్లంతా దొర్లించే సరదా అసలే వద్దు.

మిగతావి ఇంట్లోవే. దాక్కోడానికి మూతి కొంచెం పగలగొట్టి అంచు అరగదీసిన చిన్న మట్టి పిడత, లోపల చల్లగా ఉంటుంది. ఒళ్ళు దొర్లించుకోడానికి ఒక గిన్నెలో ఇసుక, ఏటి ఇసుకే జల్లెడపట్టి, కడిగి, మూకుట్లో బాగా వేయించి చల్లార్చింది, పౌడరులాంటి దుమ్ము మాత్రం వాడకూడదు. గింజలు దాచుకునే జంతువు కాబట్టి చీమలు ఖాయం, మందు చల్లలేం, పెట్టె పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాం. దేవుడి గది పక్కన ఉన్న పెట్టెని హాల్లోకి మార్చాం, సాంబ్రాణి పొగా దోమల చక్రం పొగా దాని ముక్కుకి పడవు.

అసలు పరీక్ష వేసవి. 20 నుంచి 24 డిగ్రీలు దీనికి హాయి, 30 దాటితే ప్రమాదం మొదలు, మాదేమో ఎండలకి పేరుపడ్డ టిట్లాగఢ్ వెళ్ళే రైలు లైను, ఏప్రిల్ వస్తే గోడ కూడా కాలుతుంది. కూలర్ ఉన్న గదిలో, కిటికీకి దూరంగా, నేలకి దగ్గరగా పెట్టాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి జాలీకి బయటివైపు ఆనించి, లోపల ఒక టైలు చల్లబరిచి పెడితే దాని మీద బోర్లా పడుకుంటుంది. లోతైన పరుపు ఇక్కడ కూడా పనికొస్తుంది, అడుగున వేడి తక్కువ. వేసవి మధ్యలో కొత్తగా తెచ్చుకోవాలనుకునేవాళ్ళు వానలు పడేదాకా ఆగండి.

ఇంకొకటి, డాక్టరు. ఇక్కడి పశువుల డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు, ఆవులూ మేకలూ కుక్కలైతే తీసుకురండి, దీనికి విశాఖే దిక్కు అని. చిన్న వయసు హామ్‌స్టర్లకి చోటు మారిన కంగారులో విరేచనాలు పట్టుకుంటాయి, తోక దగ్గరంతా తడిసిపోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అప్పుడు రైలు టైమింగులు చూసుకుంటూ కూర్చోలేం. అందుకని దాన్ని తెచ్చే ముందే విశాఖలో చిన్న జంతువులని చూసే డాక్టర్లు ఎవరో ఫోన్ చేసి కనుక్కుని, నంబర్లు నా ఫోన్‌లోనూ మావారి ఫోన్‌లోనూ సేవ్ చేసి పెట్టాం. మీరూ ముందే కనుక్కోండి.