చలికాలంలో క్వాండరీ పీక్ ఎక్కుదామనుకునేవాళ్లకి

డెన్వర్‌లో మనవాళ్లు చాలామంది సమ్మర్‌లో క్వాండరీ పీక్ ఎక్కేసి, జనవరిలో కూడా వెళ్దామా అంటుంటారు. వెళ్లొచ్చండి, బ్రెకెన్‌రిడ్జ్ ఊరి పక్కనే, 14,265 అడుగుల కొండ, ఆ ఎత్తు కొండల్లో చలికాలంలో కాస్త తేలికైనవాటిలో ఇదొకటి. కాకపోతే ఆకాశం వైపు కాదు, మంచు అడుగున ఏముందో చూసి బయల్దేరాలి.

కొలరాడోలో అక్టోబర్, నవంబర్లో పడే మంచు పల్చగా ఉంటుంది. నేల దగ్గర సున్నా డిగ్రీలుంటే పైన రాత్రిళ్లు మైనస్ ఇరవైకి పోతుంది, ఆ తేడాకి లోపలి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల్ని పంచదార పలుకుల్లా విడివిడిగా చేసేస్తుంది, ముద్ద చేద్దామన్నా అంటుకోవు. డెప్త్ హోర్ అంటారు దీన్ని. తర్వాత తుఫాన్లకి దాని మీద గట్టి పలక కడుతుంది, మనిషి బరువు పడితే చాలు, అడుగు పొర కూలి పలక మొత్తం జారిపోవచ్చు, ఎవలాంచ్ అంటే ఇదే. ఈ పొర నెలల తరబడి అలాగే ఉండగలదు, అందుకే "మంచు పడి వారమైంది, ఎండ కాస్తోంది, ఇంకేం కాదులే" అనే మాట వింటే నాకు భయమేస్తుంది.

పలక జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. క్వాండరీకి తూర్పున వెన్నులా సాగే గట్టు, అంటే ఈస్ట్ రిడ్జ్, చాలావరకు అంతకన్నా తక్కువ వాలే, అందుకే దాని మీద వెళ్తాం, దారి తప్పి పక్క వాలుల్లోకి దిగితే లెక్క మారిపోతుంది. ఫోన్ మ్యాప్‌లో స్లోప్ యాంగిల్ లేయర్ (ఎక్కడ ఎంత వాలుందో రంగుల్లో చూపించేది) ఆన్ చేసి పెట్టుకోండి. పడమటి గాలి మంచునంతా తోసుకొచ్చి తూర్పు వాలుల్లో పోగేస్తుంది, రిడ్జ్ అంచున చూరులా వేలాడే మంచు మీదకి అస్సలు పోవద్దు. ఇంకోటి, కింద చదునుగా ఉన్నచోట నడుస్తున్నా పైనున్న వాలు తెగి మీదకి రావచ్చు. కాలికింద "వుంఫ్" అని శబ్దమొచ్చినా, పగుళ్లు పాకినా వెంటనే వచ్చిన దారిలోనే వెనక్కి తిరగండి.

కొలరాడో ఎవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ సీజన్లో రోజూ ఫోర్‌కాస్ట్ ఇస్తుంది, ప్రమాదం ఎంతుందో ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో. ఐదుకి మూడే కదా అని తీసిపారేయకండి, చాలా చావులు ఆ మూడు ఉన్న రోజుల్లోనే. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లని సిగ్నల్‌తో వెతికేది), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడుగు కర్ర), పార మనిషికో సెట్ ఉండాల్సిందే, ఎందుకంటే కూరుకుపోయినవాళ్లు బతికే అవకాశం పావుగంట దాటితే బాగా పడిపోతుంది, అంతలో రెస్క్యూ వాళ్లు రాలేరు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.