ఆకలి వేసినప్పుడు తినమన్నారు

డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి డ్యూటీ డాక్టరు, "ఆకలి వేసినప్పుడు కొంచెం కొంచెంగా తినండమ్మా" అన్నాడు. క్యాన్సర్‌ అని జీర్ణాశయం మొత్తం తీసేసిన మనిషితో అనాల్సిన మాటేనా అది? తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను చాలావరకు జీర్ణాశయం పైభాగంలోనే ఊరుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు దీన్ని. ఆ సంచే లేకపోతే పొద్దుగూకేదాకా తినకపోయినా కడుపు కాలదు. పైగా అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కుడతారు కాబట్టి తిన్నది ఆగకుండా పేగులోకి జారుతుంది. ఇక చాలని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై అనే పేగు హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నాలుగు ముద్దలకే గొంతుదాకా వచ్చేస్తుంది. ఆకలి కోసం చూస్తూ కూర్చుంటే మనిషి ఎండిపోవడమే.

ఒక రాత్రి సేమ్యా పాయసం తాగిన రెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, నాలుక మడతపడింది. మీటర్లో షుగర్ 46. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, షుగర్‌ను కిందికి లాగేస్తుంది. లేట్ డంపింగ్ అంటారు. "అత్తయ్యా, కళ్లు మూసుకోకండి" అంటూ మా కోడలు మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసింది, 82. అప్పుడు ఉడికిన గుడ్డు పెట్టింది, మళ్లీ పడిపోకుండా. ఆ పిల్ల రుణం ఏం చేసినా తీరదు.

దారి చూపింది మాత్రం డైటీషియనమ్మ. రెండున్నర గంటలకోసారి అలారం. ప్రతిసారీ చిన్న కప్పుడే. ముందు గుడ్డో, గట్టి పెరుగో, పెసరట్టో, ఆ తర్వాతే అన్నం. మెత్తగా నమిలి మింగాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. పండ్లరసాలు, చక్కెర వేసిన జావ వద్దు. తిన్న వెంటనే పడుకోకూడదు. బి12 ఇంజెక్షన్ బతికినన్నాళ్లూ వేయించుకోవాల్సిందే. దాన్ని పేగు పీల్చుకోవడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది. కాలేయంలో నిల్వ రెండుమూడేళ్లు వస్తుంది గనుక లోటు వెంటనే బయటపడదు, చాలామంది మానేసేది అందుకే. అరికాళ్లు తిమ్మిరెక్కాక పరిగెత్తితే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

కార్తీక సోమవారం ఉపవాసాలు మానేశాను. శివయ్యకు దీపం పెట్టి, అలారం మోగగానే తింటున్నాను. ఆయన ఏమీ అనుకోడు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఉపవాసానికి ఒప్పుకోకండి, దిండు పక్కన గ్లూకోజ్ డబ్బా ఉంచండి.